నీలం చుక్క, నీలం గీత

సియోల్, 24 అక్టోబరు 2025

అక్కా,

కాళ్లు పీకేస్తున్నాయి, పైగా చలి. అందుకని గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం గురించి ఒక్క మాటతో సరిపెడుతున్నా: చాలా పెద్దది. మిగతాది ఫొటోల్లో చూసుకో. ఈ ఊళ్లో నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. మనం పొద్దున లేస్తే వాడే గూగుల్ మ్యాప్స్ ఇక్కడ నడక దారి చెప్పదు, కారు దారి చెప్పదు. మెట్రోలు, బస్సుల సంగతి మాత్రం చెబుతుంది. అయినా మనం ఎక్కడ నిలబడ్డామో చూపించే నీలం చుక్క మాత్రం ఏ లోటూ లేకుండా వెలుగుతూనే ఉంటుంది. మన దగ్గర చుక్కా, దారి చూపించే గీతా ఎప్పుడూ కలిసే కనపడతాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. రెండింటి పుట్టుకా వేరు, వాటి మీద పెట్టుకోవాల్సిన నమ్మకమూ వేరు అన్నది నా వాదన. బావగారు నవ్వితే నవ్వనీ.

చుక్క వెనక ఉన్నది కొలత. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ గడియారంలో టైమెంతో ఎడతెగకుండా చెబుతుంటాయి. కనీసం నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఫోన్ తన చోటు లెక్క కట్టుకుంటుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పినట్టే. ఇందులో ఫోన్ వినడమే తప్ప ఉపగ్రహానికి తిరిగి చెప్పేదేమీ లేదు. పైనుంచి ఉపగ్రహం మనల్ని కనిపెడుతోందని అమ్మ అనుకుంటుందే, అది నిజం కాదు. మనం ఎక్కడున్నామో బయటికి చేరవేసేది ఫోన్‌లోని యాప్‌లే. ఇక ఈ చుక్క మామూలు జనానికి దక్కడంలో కొరియాకీ ఒక విషాదపు వాటా ఉంది. 1983 సెప్టెంబరు 1న సియోల్ రావాల్సిన కొరియా విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్తే కూల్చేశారు. 269 మంది పోయారు. జీపీఎస్ పూర్తయ్యాక పౌర అవసరాలకూ ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది ఆ తర్వాతే. అలా ఇచ్చినా, కావాలని కలిపిన తప్పును తీసేసింది 2000 మేలో.

గీత కథ అలాంటిది కాదు. ఎవరో సర్వే చేయాలి, ఎవరో గీయాలి, ఎవరో సరేననాలి. 1:5,000 స్కేలు పటాల సమాచారం దేశం దాటించడానికి అనుమతి ఇవ్వమని గూగుల్ 2007లో అడిగింది, 2016లో మళ్లీ అడిగింది. ఉత్తర కొరియా పక్కనే ఉంది, సైనిక స్థావరాలు బయటపడతాయి అని ప్రభుత్వం కాదంది. ఈ ఏడాది ఇంకోసారి అడిగారు, ఇంకా తేలలేదు. ఇది చాదస్తం అనడానికి మనకి నోరు లేదు. 2021 ఫిబ్రవరిలో నిబంధనలు సడలించేదాకా మన దేశంలోనూ పటాల వ్యవహారం అనుమతుల మీదే నడిచింది. చైనాలో అయితే పటాన్నే చట్టప్రకారం కొన్ని వందల మీటర్లు జరిపి ఉంచుతారు. ఫోన్ లెక్క కట్టిన చోటును ఉన్నదున్నట్టు ఆ పటం మీద పెడితే మనిషి రోడ్డు వదిలి పక్క భవనంలో ఉన్నట్టు కనపడతాడు. చుక్కది తప్పు కాదు, పటానిది.

ఇక్కడివాళ్లు వాడేది నేవర్, కాకావో మ్యాప్‌లు. మెట్రోలో ఏ పెట్టె ఏ తలుపు దగ్గర నిలబడితే దిగాక మెట్లు దగ్గరో కూడా నేవర్ చెబుతుంది. నిద్రొస్తోంది. చిన్నోడి లెక్కల మార్కులు ఎన్నో దాచకుండా రాయి.

జొంజు, 27 అక్టోబరు

అక్కా,

ఇక్కడి బిబింబాప్‌కి దేశమంతా పేరు. అన్నం మీద రంగురంగుల కూరలు పేర్చి తెస్తారు, మనమే ఎర్ర మిరప ముద్దతో కలుపుకోవాలి. గుడ్డూ మాంసమూ వద్దని ముందే చెప్పుకోవాలి. ఆవకాయ ఒక్కటి ఉంటేనా!

బావగారి ఆక్షేపణ అందింది. నోరుంటే ఊరు తెలుస్తుంది, దీనికి ఫోనెందుకు అని కదా. భాష రాని ఊళ్లో, అర్ధరాత్రి, ఒంటరిగా దిగిన ఆడపిల్లకి ఆ సలహా ఇవ్వమనండి చూద్దాం. పైగా తెలియదని చెప్పడం మన వైపు చాలామందికి నామోషీ, ఏదో ఒక దిక్కు చెయ్యి చూపించేస్తారు. అయినా ఆయన మాటలో నేను కాదనలేనిది ఒకటి ఉంది. మనిషి దారి చెప్పేటప్పుడు తన అనుమానం కూడా చెబుతాడు. బుర్ర గోక్కుంటాడు, 'అనుకుంటా' అంటాడు, 'వానొస్తే మాత్రం అటు పోకండి' అంటాడు. ఫోన్‌లో చుక్కకీ ఆ మర్యాద ఉంది. సరిగ్గా చూడు, దాని చుట్టూ లేత నీలం వలయం ఒకటి ఉంటుంది. ఎత్తైన భవనాల మధ్యకి వెళ్లి సిగ్నల్ గోడలకు తగిలి వస్తే ఆ వలయం పెద్దదవుతుంది. ఇంత మేర ఎక్కడైనా ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేను అని దాని భావం. గీతకి అలాంటిదేమీ లేదు. జాతీయ రహదారి మీద ఎంత లావుగా, ఎంత ధీమాగా ఉంటుందో, ఎవరూ తిరగని పొలం గట్టు మీదా అంతే.

ఇది ఊరికే తప్పులెన్నడం కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, రామగంగ మీద సగంలో ఆగిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వరదకి వంతెన ముందు భాగం అంతకు ముందే కొట్టుకుపోయింది. నావిగేషన్‌లో మాత్రం దారి అలాగే ఉందని పోలీసులు చెప్పారు. 2023 అక్టోబరులో కేరళలో భోరున వాన కురుస్తున్న రాత్రి ఇద్దరు యువ డాక్టర్లు ప్రయాణిస్తున్న కారు పెరియార్ నదిలోకి పోయింది, వాళ్లూ ఫోన్ చూపిన దారినే వెళ్లారని వార్త. రెండు చోట్లా వాళ్లు ఎక్కడున్నారో చుక్కకి తెలిసే ఉంటుంది. ముందున్నదేమిటో గీతకి తెలియదు.

అడ్డం పెట్టనిది రోడ్డు శాఖ అయితే పటాన్ని తిట్టడమెందుకు అనొచ్చు. నిజమే, బరేలీలో వంతెన మొదట్లో నాలుగు బండరాళ్లు అడ్డం పెట్టినా ఆ ముగ్గురూ బతికేవాళ్లేమో. కేసు ఇంజినీర్ల మీదా పెట్టారు. కానీ ఒకరి తప్పు ఇంకొకరి తప్పుని మాఫీ చెయ్యదు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు గీత సరిగ్గానే చూపిస్తోందిగా అని. ఎక్కడ సరిగ్గా చూపిస్తోందో చూడాలి. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో మ్యాప్‌కి తెలిసేది ప్రధానంగా ఆ రోడ్డు మీదున్న మన ఫోన్ల వల్లే. వేల ఫోన్లు తిరిగే చోట తప్పు గంటలో బయటపడుతుంది. రోజుకి రెండు ట్రాక్టర్లు పోయే దారిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అంటే దారి తెలిసినవాళ్లు బోలెడంత మంది ఉన్నచోటే గీతకి బలం. అడగడానికి మనిషి దొరకని చోట, మనకి అది మరీ అవసరమైన చోట, దానికి తెలిసింది తక్కువ. ఆ తేడా యాప్‌ల వాళ్లకి తెలియకుండా ఉంటుందా? అనుమానం ఉన్న దారిని చుక్కల గీతగానో, పాలిపోయిన రంగులోనో చూపిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

కొరియా వాళ్ల దగ్గర మెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఫోన్ లేకపోయినా గోడలు దారి చెబుతాయి. 2014 నుంచి వీళ్ల చిరునామాలు వీధి పేరుతో నడుస్తున్నాయి. ఇంటి గోడ మీద నీలం పలక, దాని మీద వీధి పేరు, నంబరు. వీధి మొదలు నుంచి ప్రతి 20 మీటర్లకీ ఎడమ పక్క ఒక బేసి సంఖ్య, కుడి పక్క ఒక సరి సంఖ్య. 30 దగ్గర నిలబడి 80కి వెళ్లాలంటే ఇంకో అర కిలోమీటరని నోటిలెక్క. మన హైదరాబాదులో 6-3 అని మొదలై బై మీద బై పడుతూ పోయే నంబరు చూసి ఇల్లు పట్టుకోవడం పోస్ట్‌మ్యాన్‌కే చెల్లింది.

బుసాన్, 30 అక్టోబరు

అక్కా,

తుఫాను తీరం దాటిందనీ, మీ వీధిలో కరెంటు ఇంకా రాలేదనీ బావగారి మెసేజ్ చూశాను. ఇక్కడ సముద్రం నిమ్మళంగా ఉంది, నాకే జలుబు. హేఉండే బీచ్ బాగుంది, అంతే. మనసంతా కాకినాడలోనే ఉంది.

మూడు రోజులుగా మీరంతా టీవీలో చూసిన మొంథా తుఫాను పటం గుర్తుందా? తుఫాను ఇప్పుడున్న చోట సన్నగా మొదలై, ముందుకి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. రేపు ఎక్కడుంటుందో మాకు ఇంతవరకే తెలుసు అని వాతావరణ శాఖ బొమ్మ గీసి మరీ ఒప్పుకుంటుంది. అలా ఒప్పుకున్నందుకు కాకినాడలో ఎవరూ వాళ్లని తక్కువ చేసి మాట్లాడలేదు. గరాటులో ఉన్న ఊళ్లన్నీ సర్దుకున్నాయి. అనుమానం చూపిస్తే జనం గందరగోళపడతారు అనేవాళ్లకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఇక నీ ఫిర్యాదు. లైవ్ లొకేషన్ పెట్టమన్నావు, పెట్టాను, అది కాసేపు కదల్లేదని అమ్మ అన్నం మానేసిందట. నా ఫోన్‌లో ఉన్నంతసేపే అది కొలత అక్కా. నీ దాకా వచ్చేసరికి కబురైపోతుంది, కబురు ఎప్పటిదో చూసుకోవాలి. చుక్క పక్కనే చిన్న అక్షరాల్లో ఎన్ని నిమిషాల కిందటిదో ఉంటుంది, ముందు అది చదవమను. బుసాన్ చేరే ముందు హైస్పీడు రైలు 20 కిలోమీటర్ల పైన సొరంగంలో పోతుంది. అందులో ఉపగ్రహాల మాట వినపడదు. తిరుగు ప్రయాణంలోనూ అదే సొరంగం, ఎల్లుండి పొద్దున. అప్పుడు మళ్లీ పస్తుండొద్దని అమ్మకి ముందే చెప్పి ఉంచు. కరెంటు వచ్చాక ఫ్రిజ్‌లో మాగాయ సంగతి చూసి రాయి.