ప్లాస్టిక్కుంది కదా అని...

మొన్న ఆదివారం ఇంట్లో పాత ఆంప్లిఫయర్ మూగబోతే విప్పి చూశా. ఒక్కో ట్రాన్సిస్టర్ కింద పల్చటి మైకా రేకు. అది చూడగానే ఇంజనీరింగ్ మూడో ఏడాది మినీ ప్రాజెక్టు గుర్తొచ్చి సిగ్గేసింది.

ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు వోల్టుల పవర్ సప్లై చెయ్యాలి. 7812 ఒకటి, 7912 ఒకటి. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, వెనక ఇనపరేకులాంటి ట్యాబు. ఒకే అల్యూమినియం హీట్ సింకుకి రెండిట్నీ బిగించేశా. ప్లాస్టిక్కుంది కదా, షాకేంటి అనుకున్నా.

స్విచ్ వేశాం, ఫ్యూజు పోయింది. ఇంకోటి వేశాం, అదీ పోయింది. మూడోసారి తెలివిగా ఫ్యూజు బదులు రాగితీగ చుట్టా. ఈసారి ట్రాన్స్‌ఫార్మరే పోయింది! "ఒరేయ్, డయోడ్లు తిరగేసి పెట్టుంటావు" అని నా పార్ట్‌నర్ మీద విరుచుకుపడ్డా. పాపం, వాడు రాత్రంతా కూర్చుని టంకాలన్నీ ఊడదీసి మళ్ళీ వేశాడు.

అసలు సంగతేంటంటే, ఆ ప్లాస్టిక్కు దోషమేం లేదు. అది సిలికా పొడి దట్టించిన ఎపాక్సీ, కరెంటుని బాగానే ఆపుతుంది. కానీ వేడిని కూడా ఆపుతుంది. అందుకే చిప్పుని నేరుగా లోహపు ట్యాబుకే అతికిస్తారు. అంటే చిప్పు అడుగున ఏ వోల్టేజి ఉంటే ట్యాబుకీ అదే. 7812లో అది గ్రౌండు, 7912లో నెగటివ్ ఇన్‌పుట్. రెండిట్నీ ఒకే రేకుకి బిగిస్తే షార్టు కాక ఏమవుతుంది?

ట్యాబుని కూడా ప్లాస్టిక్కుతో కప్పేసిన రకాలున్నాయి. కానీ ఊరికే రాదు. ఐఆర్ఎఫ్540ఎన్ అనే మాస్‌ఫెట్ మామూలు రూపంలో 130 వాట్ల వేడి వదలగలిగితే, పూర్తిగా కప్పిన ఐఆర్ఎఫ్ఐ540ఎన్ 54 వాట్లే. అంత వదులుకోవడం ఇష్టంలేకపోతే మన మైకా రేకు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్షు, కాస్త గ్రీజు. బిగించాక పవర్ ఇవ్వకముందే ట్యాబుకీ హీట్ సింకుకీ మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. బీప్ అంటే ఆగిపోండి.

డేటాషీట్‌లో ట్యాబు దేనికి కలిసుందో ఒక్క లైన్లో రాసుంటుంది. నేను చదవలేదు, వాణ్ణి తిట్టా. తప్పు నాదని రెండ్రోజుల తర్వాత తెలిసినా నోరు విప్పలేదు.

నిన్న ఫోన్ చేసి చెప్పేశా. అంతా విని "సర్లేరా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నది నా డబ్బుల్తో. అదైనా గుర్తుందా?" అన్నాడు.

లేదు. అదీ మర్చిపోయా.