పైలట్ బయలుదేరినాడమ్మా!

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమైంది. ఆ తొలి సంవత్సరాలలో అక్కడ ఫోనులెత్తిన వారిలో మేమూ ఉన్నాము. మాది అనంతపురం జిల్లా కనుక మన యాస వినబడితే చాలు, చెవులు నిక్కబొడుచుకునేవి.

అంబులెన్సు నడిపేవారిని ఆ సేవలో పైలట్ అంటారు. "పైలట్ బయలుదేరినాడమ్మా" అని కళ్యాణదుర్గం వైపు ఒక అవ్వకు చెప్పాము. "ఇమానం దిగేకి తావు యాడుంది నాయనా? బుడ్డలు ఇంకా పెరకలేదే!" అన్నదామె.

ఎద్దు కడుపుబ్బిందని పిలిచినవారూ ఉన్నారు. పశువుల కోసం 1962 నంబరు బండ్లు మన రాష్ట్రంలో తిరిగింది 2022లో గదా!

అన్నిటికన్నా కష్టం ఇల్లు కనుక్కోవడమే. ఒక రాత్రి కాన్పు నొప్పుల పిలుపు. "చెరువు పక్కనే ఇల్లు" అన్నారు. పైలట్ రెండుసార్లు తిరిగినా నీళ్లు కనబడలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ, అదీ నమ్మకం లేదు. "చెరువేదీ?" అని పైలట్ అడిగితే, "ఆ కంపచెట్ల నడుమ మీరు నిలబడిందే చెరువు సామీ!" అని జవాబు. వెనుక ఆ తల్లి మూలుగు వినబడుతుంటే మాకు నవ్వు రాలేదు. గట్టెక్కి బ్యాటరీ లైటు ఊపమన్నాము. బండి చేరింది.

మరునాడు అదే ఊరి నుండి ఫోను. "ఏమి ఆపదమ్మా?"

"ఆపదేమీ లేదు సామీ. ఆడబిడ్డ. మీకు చెప్పకుండా ఎట్లుంటాం?"

ఇలాంటి పిలుపులు వెంటనే ముగించి లైను ఖాళీ చేయాలి. అయినా మాలో ఒకరు, ఎవరి పోలికమ్మా అని అడగనే అడిగారు.