మిస్సింగా, కుదుపా?

సింగపూర్‌లో చలికాలం లేదు. అయినా ఈ సంవత్సరం నా బండి ఐదు నెలలు నిద్రపోయింది. విజయవాడలో మా మామయ్యకి పక్షవాతం వచ్చింది. అమ్మా నేనూ వెళ్ళి అక్కడే ఉండిపోయాం. బండి మాత్రం మా హెచ్‌డీబీ బ్లాకు పక్కన కార్ పార్కులో, నాలుగో అంతస్తులో, కవరు కింద ఉంది.

తిరిగి వచ్చాక కొత్త బ్యాటరీ వేస్తే స్టార్ట్ అయింది. కానీ యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ముందు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. మా కార్ పార్కు ర్యాంపు గుండ్రంగా, ఇరుకుగా ఉంటుంది. అక్కడ బండి దూకితే ఎదురుగా గోడే. పెద్ద రోడ్డు మీద వేగంగా వెళ్తే మాత్రం ఏ బాధా లేదు.

మామయ్య ముప్ఫై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. ఇప్పుడు కుడి చెయ్యి లేవదు. మాటలు వస్తాయి, కానీ ఆగి ఆగి వస్తాయి. నా తెలుగూ అంతే. నేను స్కూల్లో తమిళం చదివాను. ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు, తెలుగు లేదు. ఇంట్లో అందరూ మా ఇద్దరి వాక్యాలూ వాళ్ళే పూర్తి చేసేస్తారు. వీడియో కాల్‌లో మేమిద్దరమే ఉంటే ఎవరూ పూర్తి చెయ్యరు. అందుకే ఆ కాల్స్ గంటసేపు ఉంటాయి.

"మామయ్యా, మీరు ఒకసారి చూస్తారా?" అన్నాను.

"మీరు ఏంటే! నేను మీ మామయ్యని," అన్నాడు. పెద్దవాళ్ళని మీరు అనాలని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో మేనమామ నువ్వే.

మొదటి ప్రశ్న: "మిస్సింగా, కుదుపా?" నాకు తేడా తెలియదు. మిస్సింగ్ అంటే ఇంజన్ మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పడం. కుదుపు అంటే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు బండి మనిషిని ఊపడం. ఈ రెండు మాటలు ఏ పాఠంలోనూ లేవు, రాసుకోండి.

నాది కుదుపు. ముందు కేబుల్ చూపించమన్నాడు. పిడి రెండు మూడు మిల్లీమీటర్లు ఊరికే తిరగాలి, ఆ తర్వాత కేబుల్ పట్టుకోవాలి. సరిగ్గానే ఉంది. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఎడమకీ కుడికీ తిప్పమన్నాడు. శబ్దం పెరిగితే కేబుల్ ఎక్కడో బిగుసుకున్నట్టు. పెరగలేదు. చైన్ లూజైనా ఇలాగే ఊపుతుంది, కానీ చైన్ కూడా బాగానే ఉంది.

తర్వాత నాకు బాగా నచ్చిన పరీక్ష. "ఇంజన్ వేడెక్కాక చోక్ సగం లాగి నడుపు." నడిపాను. కుదుపు సగానికి పైగా పోయింది!

మామయ్య ముఖంలో ఎడమ వైపు నవ్వింది. "పెట్రోలు చాలట్లేదు." చోక్ లాగితే గాలితో పోలిస్తే పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. దానితో బాగుపడిందంటే రెండే కారణాలు: పెట్రోలు దారి మూసుకుపోయింది, లేదా కార్బ్యురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి దూరుతోంది. రబ్బరు చుట్టూ నీళ్ళు చల్లి చూశాం, ఇంజన్ శబ్దం మారలేదు. ఇక మిగిలింది పైలట్ జెట్. కొంచెం యాక్సిలరేటర్‌కి పెట్రోలు దాని నుంచే వస్తుంది. ఎక్కువ తిప్పితే మెయిన్ జెట్ అందుకుంటుంది. పెద్ద రోడ్డు మీద బాధ లేకపోవడం అందుకే. కార్బ్యురేటర్ గిన్నెలో ఉండేది కొంచెం పెట్రోలు. ఇక్కడి వేడికి అది ఆవిరైపోయి, అడుగున జిగురు మిగులుతుంది. మంచు పడే దేశాలకే ఈ జబ్బు వస్తుందని నేను అనుకునేదాన్ని.

విప్పడానికి కాకి బుకిట్‌లో ఒక చిన్న షెడ్డుకి వెళ్ళాను. "కాకి" అనగానే మామయ్య చాలాసేపు నవ్వాడు. మలయ్‌లో కాకి అంటే పాదం, బుకిట్ అంటే కొండ. ఫోను స్పానర్ల ట్రేకి ఆనించి పెట్టాను. మామయ్య తెలుగు, నా నోట్లో సింగ్లిష్, మళ్ళీ వెనక్కి తెలుగు. మెకానిక్ జెట్ విప్పి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నాడు. వెలుతురు కనపడలేదు.

"ఇనుప తీగ వద్దని చెప్పు. ఇత్తడి... అరిగి... కన్నం పెద్దదవుతుంది."

నేను తర్జుమా చేసేలోపే మెకానిక్ పాత వైరులోంచి సన్నటి రాగి పోగు ఒకటి లాగాడు. దాన్ని ఫోను ముందు ఊపాడు. మామయ్య తల ఊపాడు. ఆ సంభాషణకి నా అవసరం లేదు, కొంచెం అసూయగా అనిపించింది.

క్లీనర్ కొట్టి, పోగు దూర్చి, మళ్ళీ పట్టుకుంటే సూది మొనంత వెలుతురు. ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశారు.

సాయంత్రం ర్యాంపు మూడుసార్లు ఎక్కి దిగాను. ఫోను సైలెన్సర్ దగ్గర పెట్టమన్నాడు మామయ్య. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఐడిల్ కొంచెం ఎక్కువుంది." నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఎటు తిప్పాలో చెప్పడానికి మాట దొరకలేదు, ఎడమ చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు.

"పావు... ఆపు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ."