పక్షి ఎంత దూరంలో ఉంది? లెన్స్ కొనేముందు అది చూడండి

గుంటూరు పక్కనే ఉప్పలపాడు. ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, వాటి మీద కొమ్మ కనపడనన్ని గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. గట్టు మీద నిలబడితే చాలు, కొంగ పిల్లలు మేత కోసం తల్లిని సతాయించే గోల చెవుల్లో పడుతుంది. అంత దగ్గర.

నా దగ్గరున్నది కానన్ ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. "పక్షులకి 250 ఏం సరిపోద్దిరా, 150-600 తీస్కో" అని ఫ్రెండ్స్ ఒకటే పోరు. సిగ్మా 150-600 దాదాపు 2 కిలోలు. నాది 400 గ్రాములు కూడా లేదు. ధరలో తేడా గురించి చెప్పక్కర్లేదు. పైగా ఈ కెమెరాల్లో సెన్సర్ చిన్నది, 250 పెడితే ఫుల్‌ఫ్రేమ్‌లో 400 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. ఉప్పలపాడులో గూడబాతు ముక్కు మీది చుక్కలు లెక్కపెట్టొచ్చు. మిగిలిన డబ్బుతో నేలపట్టు, కొల్లేరు కూడా తిరిగొచ్చా.

ఇంకా చవగ్గా వస్తుందని కానన్ 75-300 వైపు చూడకండి. అంకె పెద్దదే కానీ అందులో ఐఎస్ లేదు. 300 దగ్గర చెయ్యి కాస్త వణికినా ఫొటో పోయినట్టే. ఐఎస్ ఉన్నా అది మన వణుకునే ఆపుతుంది, ఎగిరే కొంగని కాదు. దానికి షట్టర్ 1/1000 అయినా ఉండాలి. ఈ లెన్సులకి వెలుతురు బాగా కావాలి కాబట్టి పొద్దున్నే వెళ్లండి. నికాన్ వాళ్లయితే ఏఎఫ్-పీ 70-300 చూడండి, పేరులో వీఆర్ ఉందో లేదో చూసి మరీ. కొన్ని పాత నికాన్ బాడీల మీద అది పనిచేయదు.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ఎంత తగ్గించినా వద్దు.

పులికాట్ మాత్రం వేరే లెక్క. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు అక్కడికొస్తాయి, కానీ నా 250లో దూరంగా ఒక గులాబీ గీత. పక్కన 600 పట్టుకున్న అన్న కూడా పొద్దెక్కాక కెమెరా సర్దేశాడు. నీళ్ల మీద వేడిగాలి ఆడుతుంటే ఎంత పెద్ద లెన్సయినా మసకే.

ఏడాదికోసారి పులికాట్ వెళ్లడానికి అంత లెన్స్ కొనాలా? సిటీల్లో రోజు అద్దెకిస్తారు. ఈ జనవరికి నేను చేయబోయేది అదే. డిపాజిట్ ఎంతో ముందే అడగండి.