మర్రిమాను చుట్టూ ఏడాది

గుమ్మఘట్ట వైపు మేము ఏడాదిని మబ్బులతో లెక్కపెట్టుకుంటాం. ముంగారు పడితే శెనక్కాయ విత్తుతాం. హింగారు కరుణిస్తే భైరవానితిప్ప జలాశయంలో నాలుగు నీళ్లు చేరతాయి. చెట్టును చూసి ఋతువును గుర్తుపట్టే భాగ్యం మాకు తక్కువ. అందుకే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి తోటంటే నాకు అంత మమకారం.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920ల నడుమ బడికి చోటు వెతుకుతూ, తెట్టు ఊరి దగ్గర లోయలో ఒక పాత మర్రిమానును చూసి ఇదే చోటని తేల్చుకున్నారట. ఆ మాను ఉందన్న మాటే గానీ, చుట్టూ గుట్టలు మన గుట్టల్లాగే బోసిగా ఉండేవి. మేకల నోటికీ వంటచెరకుకూ చెట్టు మిగిలేది కాదు. ఈనాటి పచ్చదనమంతా తర్వాతి తరాలు నాటింది, కాచుకున్నది.

ఇప్పుడు ఆ తోటలో చైత్రం వస్తే కానుగ లేతాకు తళతళలాడుతుంది, వేపపూత గాలిలో చేదుతీపిగా తేలుతుంది. ఎండలు ముదిరాక రేల పసుపుపచ్చగా విరగబూస్తుంది. మర్రి పండిందంటే పక్షుల సందడి చెప్పనలవి కాదు.

నాకు మాత్రం ఆశ్వయుజ కార్తీకాలే ఇష్టం. గుట్టమీద సీతాఫలాలు కళ్లు విప్పుతాయి. అంతకన్నా, వాన ఏమవుతుందో కంటికి కనబడే కాలమది. మా దగ్గర పడిన వాన ఎర్రమట్టిని ఎత్తుకుని గంటలో వంకలో కలుస్తుంది. అక్కడ ఆకు మీద ఆగి, రాలిన ఆకుల్లో ఇంకి, చిన్న కట్టల వెనకా ఊటకుంటల్లోనూ నిలిచి, మెల్లగా భూమిలోకి దిగుతుంది. చెట్టు నీటిని తాగేస్తుందనే రైతన్నలకు ఆ కుంట గట్టు చూపించాలి.

చలికాలం సాయంత్రాలు పిల్లలు పొద్దు గుంకేదాకా మౌనంగా కూర్చుంటారు. కృష్ణమూర్తి 1985 చివర్లో ఆఖరుసారి వచ్చిందీ అలాంటి చలిరోజుల్లోనే. 1986 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా బతకని పసుపుగొంతు పికిలిపిట్ట అక్కడుంది. దానికి కావలసినవి బండలూ పొదలూ. బండలు మనకూ కొదవలేదు!

అక్కడ వాన మాకంటే కొంత ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అనంతపురానికీ ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వేపకూ కానుగకూ చింతకూ అది చాలు. చాలనిది కాపలా. మొక్క నాటిన రోజు ఫొటోకు అందరం నిలబడతాం, రెండో వేసవికి నీళ్లు పోసేవాడుండడు.

గుమ్మఘట్ట, రాయదుర్గం వైపు బడుల్లో, కాలేజీల్లో పనిచేస్తున్న అయ్యవార్లారా, మీ ఆవరణలో ఒక మూలకు కంచె వేయించండి. మేకను రానివ్వకండి, రాలిన ఆకును తగలబెట్టకండి, వాన నీటికి అడ్డంగా ఒక చిన్న కట్ట పోయించండి. ఈ ముంగారుకే మొదలుపెట్టండి.