నురుగు పలకల నావ

‘కర్ణధారుడు’ అన్న పదాన్ని ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చెప్పాను. కర్ణమంటే చెవి ఒక్కటే కాదు, చుక్కాని అనే అర్థం కూడా ఉన్నదనీ, దానిని ధరించినవాడు కనుక నావ నడిపేవాడు కర్ణధారుడయ్యాడనీ నల్లబల్ల మీద విగ్రహవాక్యం వ్రాసి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు వ్రాసుకొనేవారు. పరీక్షలో మార్కులు పడేవి. అయితే ఆ చుక్కాని ఎలా పనిచేస్తుందో నాకే తెలియదన్న సంగతి, అరవై ఏడో ఏట ఒక బొమ్మ పడవ కట్టిన తరువాత గాని తెలిసిరాలేదు.

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి పడవలేమిటని మా ఇంట్లోవారే నవ్వారు. ఈ పిచ్చి ఎలా పట్టుకొన్నదో మనవి చేస్తాను.

ఇల్లు మారుతూ పాత ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే, వ్యాకరణ పుస్తకాల అడుగున ఒక రేకు పడవ దొరికింది. తిరునాళ్లలో అమ్మేవారే, చిన్న వత్తి వెలిగిస్తే టపటపమంటూ పళ్లెంలో తిరిగే పడవ, అది. దాని కడుపులో రేకు డబ్బీ ఒకటి, దాని నుండి వెనుకకు రెండు సన్నని గొట్టాలు. వత్తి వేడికి డబ్బీలోని నీరు ఆవిరై గొట్టాలలోని నీటిని వెనుకకు చిమ్ముతుంది. ఆవిరి చల్లబడగానే మళ్లీ నీటిని లోపలికి పీల్చుకొంటుంది. చిమ్మేటప్పుడు నీరు ఒకే దిక్కుకు ధారగా పోతుంది, పీల్చేటప్పుడు నలుదిక్కుల నుండీ వస్తుంది. ఆ తేడాయే పడవను ముందుకు నడుపుతుంది. ఇదంతా ఇప్పుడు తెలుసుకొన్నాను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: అది పాఠానికి అడ్డం.

అవును, ఆ పడవ నాది కాదు. 1991లో, డెల్టాలో ఒక కాలువగట్టు బడిలో, ఎనిమిదో తరగతి పిల్లవాడిది. నేను సంధులు చెబుతుంటే బెంచీ కింద రేకు చప్పుడైంది. వెళ్లి లాక్కొన్నాను. ‘పరీక్షలయ్యాక ఇస్తాను’ అన్నాను. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. తండ్రి పనికోసం వేరే ఊరు పోయాడని ఎవరో చెప్పారు. మరచిపోయానంటే సగమే నిజం. రెండుమూడు సార్లు గుర్తుకు వచ్చింది. ఒక బొమ్మ కోసం పిల్లవాణ్ణి వెదుక్కొంటూ పోవడం పంతులుకు నామోషీ అనిపించింది. మిగిలిన సగం అది. ఇప్పుడు వాని పేరు కూడా నాకు గుర్తు లేదు.

వత్తి వెలిగించి బక్కెట్లో వదిలి చూశాను. డబ్బీకి తుప్పుపట్టి చిల్లి పడింది. రెండు బుడగలు వదిలి అడుగుకు పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను: ఆ పిల్లవాడు ఆనాడు కల గనగలిగి ఉండే పడవ, గట్టు మీద నిలబడి చెప్పినట్లు వినే పడవ ఒకటి నా చేతులతో చేయాలి.

గవర్నరుపేటలో ఫ్లెక్సీలూ అక్షరాల బోర్డులూ చేసే ఒక దుకాణానికి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర కూర్చొన్నాయన కళ్లజోడు తీసి లేచి నిలబడ్డాడు.

‘మాస్టారూ! మీరా? కూర్చోండి. నేనండీ, కాలువగట్టు బడి, మీ దగ్గర చదువుకొన్నాను.’

ఆ బడి పేరు వినగానే నా గుండె ఒకసారి ఆగి కొట్టుకొంది.

‘షీటు ఎందుకండీ? ఇంటికి పేరు బోర్డు చేయించుకొంటారా?’

‘కాదు నాయనా, పడవ చేద్దామని.’

‘మనవడికా?’

‘నాకే.’

అతడు నవ్వలేదు. లోపలి నుండి రెండు రకాల ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి థర్మాకోల్. చవక, బాగా తేలుతుంది, కాని పూసలు రాలిపోతుంది. క్షణాలలో అంటుకొనే జిగురు పడితే కరిగి గుంట పడుతుంది. రెండవది వారు అక్షరాలు కోసే నురుగు పలక, సన్‌బోర్డు అంటారు. అయిదు మిల్లీమీటర్ల మందం. కత్తితో తెగుతుంది, సగం లోతు గీటు పెడితే వంగుతుంది, ఆ జిగురుకే చక్కగా అతుకుతుంది. మిగిలిపోయిన ముక్కలు కట్టగట్టి ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు. నువ్వేనా ఆ పిల్లవాడివని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను.

ఆకారానికి నేను పుస్తకాలు వెదకలేదు. నా చిన్నతనంలో, 1960లలో, బందరు కాలువలో చూసిన సరుకు పడవలే నాకు ఒరవడి. కాటన్ దొర సూచనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టినప్పుడు, కాలువలను పొలాలకు మాత్రమే కాక పడవలకు కూడా అని తవ్వించారు. ఏలూరు కాలువ వెంట పోతే గోదావరి కాలువలు కలిసేవి. పడమటి గట్టున కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకొని మద్రాసు దాకా పోవచ్చు. ఎత్తుపల్లాలున్న చోట లాకులు: పడవను రెండు తలుపుల నడుమ నిలిపి నీరు నింపితే పైకి లేచేది, వదిలితే దిగేది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. లారీలు పెరిగాక పడవలు పోయాయి. గాలి లేని వేళ మనుషులు గట్టు మీద తాడు పట్టుకొని, ముందుకు వంగి పడవను లాగుతూ పోవడం నా కళ్లలో ఇంకా ఉన్నది.

అరవై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు అనుకొన్నాను. అడుగు వైశాల్యం పన్నెండు వందల చదరపు సెంటీమీటర్లు. పడవ ఒక సెంటీమీటరు మునిగితే అంత మేర నీటిని తొలగిస్తుంది కనుక పన్నెండు వందల గ్రాములు మోయాలి. ముక్కు కోసుగా ఉంటుంది కనుక తొమ్మిది వందలే లెక్క వేశాను. సరంజామాతో సహా పడవ బరువు 1350 గ్రాములు తూగింది. అంటే సెంటీమీటరున్నర మునగాలి. ఛందస్సులో గణాలు తప్ప మరో లెక్క ఎరుగని నాకు, ఈ లెక్క కుదిరిన నాడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే పలక, చుక్కాని తిప్పే సర్వో, రిసీవరు, బ్యాటరీ, రిమోటు – ఇవన్నీ శిష్యుడే తెప్పించాడు. టంకం వేయడం నేర్పాడు. ప్రొపెల్లరు ఇరుసు పోయే గొట్టంలో గ్రీజు నింపకపోతే ఆ దారినే నీరు లోపలికి వస్తుందని చెప్పాడు. రిమోటు పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగివేస్తుందట. అందుకని రిసీవరు తీగను గది కప్పు మీదికి నిలబెట్టాము. వారం వారం ఆదివారం మధ్యాహ్నం అతడు మా ఇంటికి వచ్చేవాడు. నేను అతడికి మాటలు చెప్పేవాణ్ణి: చుక్కాని అరబ్బుల నుండి వచ్చిందనీ, సరంగు, లంగరు పారసీకం నుండి వచ్చాయనీ, నావ సంస్కృతమనీ, పడవ, ఓడ మన ద్రావిడ పదాలేననీ. ‘ఒక్క పడవలో ఇన్ని దేశాలు ఎక్కాయా మాస్టారూ!’ అన్నాడు.

మొదటిసారి ఊరి చెరువులో దింపాము. పట్టుమని పది గజాలు పోకుండానే ఒక పక్కకు ఒరిగి బోర్లా పడింది. తప్పు నాదే. అందం కోసం రెండంతస్తుల గది కట్టాను. తడవకూడదని బ్యాటరీని పై అంతస్తులో పెట్టాను. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయిన నాటి నుండి, పడవ ఎందుకు ఒరుగుతుందన్న ప్రశ్న నా మనసులో ఉండనే ఉంది. నా బొమ్మ విషయంలో జవాబు దొరికింది. బరువు పైకెక్కిన కొద్దీ, కొంచెం ఒరిగినా తిరిగి లేచే శక్తి తగ్గుతుంది. పై అంతస్తు కోసేశాము. బ్యాటరీని అడుగుకు దించాము. చిన్న సంచులలో మూడు వందల గ్రాముల ఇసుక పోసి అడుగున పరిచాము. పడవ మరికొంచెం మునిగింది, కాని నిలబడింది. పడవకు బరువు శత్రువు కాదు. బరువు ఉన్న చోటే శత్రువు.

రెండవసారి, కాలువలకు నీరు వదిలిన తరువాత, ఒక పంట కాలువలో. పావుగంట సేపు పడవ ఎంత ముద్దుగా తిరిగిందో! ఇంతలో గుర్రపుడెక్క వేళ్లు ప్రొపెల్లరుకు చుట్టుకొన్నాయి. మోటారు ఆగింది. ప్రవాహం పడవను లాక్కుపోతున్నది. నేను చుక్కానిని ఎడమకు తిప్పాను, కుడికి తిప్పాను. చుక్కాని తిరుగుతూనే ఉంది, కళ్లకు కనబడుతూనే ఉంది. పడవ మాత్రం వినడం లేదు.

‘అది తిరగదు మాస్టారూ!’ అని అరుస్తూ అతడు గట్టు వెంట పరుగెత్తాడు.

నిజమే. చుక్కానికి తనకంటూ బలం లేదు. నీరు దానిని ఒరుసుకొంటూ పోతేనే అది పడవను తిప్పగలదు. ప్రవాహంతో సమంగా కొట్టుకొనిపోయే పడవకు ఆ ఒరిపిడి ఉండదు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, కట్లు తెంచుకొన్న పెద్ద పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకొన్నాయి కదా. ఇంజను నడవని ఆ పడవలలో చుక్కాని దగ్గర మనిషి ఉన్నా చేయగలిగింది స్వల్పమే.

నడిచే నావకే కర్ణధారుడు. ఈ మాట నేను ఒక్కనాడూ తరగతిలో చెప్పలేదు. చెప్పకపోగా, ఒక పిల్లవాని నడకను లాక్కొని పెట్టెలో పెట్టి తాళం వేసి, వానికి దారి చూపుతున్నాననుకొన్నాను.

దిగువన చప్టా దగ్గర నడుములోతు నీటిలో నిలబడి, వెదురుగడతో పడవను ఆపి పట్టుకొన్నాడు శిష్యుడు. గట్టెక్కి లుంగీ పిండుకొంటుంటే, నెలల తరబడి అడగలేనిది అడిగాను.

‘నాయనా, ఆ రేకు పడవ నీదే కదా?’

అతడు కొంచెంసేపు నా ముఖం వంక చూశాడు. ‘మీరు లాక్కొన్నదా అండీ? నాది కాదు. చివరి బెంచీవాడిది. నేను ముందు బెంచీ.’

‘వాడెక్కడున్నాడు?’

‘ఇటుక బట్టీ పనికి పోయారండీ, ఇంటిల్లిపాదీ. తరువాత తెలియదు.’ ఒక క్షణం ఆగి అన్నాడు: ‘ఆ పూట మాలో ఎవ్వరమూ నోరెత్తలేదండీ.’

ఆ మాటలో నిందలేదు. అందువల్లనే అది నాలో ఇంకా ఉన్నది.

వాని పేరు అతడే చెప్పాడు. ఇప్పుడు నాకు తెలుసు, మరచిపోను. రేకు పడవ చిల్లికి ఇద్దరం కలిసి టంకం వేశాము. పళ్లెంలో వదిలితే మూడు చుట్లు తిరిగింది, టపటపమంటూ. దానిని అతని దుకాణంలో, గల్లాపెట్టె పక్క అద్దాల బీరువాలో, వీధికి కనబడేటట్లు పెట్టించాను. ఆ కాలువగట్టు ఊళ్లవారు పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ఫ్లెక్సీలు చేయించుకోవడానికి అక్కడికే వస్తుంటారు. యాభైకి దగ్గరపడిన మనిషి ఎవరైనా దాని ముందు ఆగి నిలబడితే, ఏమీ అడగకుండా చేతిలో పెట్టి నాకు ఫోను చేయమని చెప్పి ఉంచాను.