మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కి, ఇంటిల్లిపాదీ

పిల్లలతో, పెద్దవాళ్లతో యూరప్ వెళ్లేవాళ్లు బయర్న్ టికెట్ (జర్మనీలోని బవేరియా రాష్ట్రపు ఒకరోజు రైలు టికెట్) సంగతి తప్పకుండా తెలుసుకోండి. ఐదుగురి వరకూ ఒకే టికెట్. మొదటి మనిషికే ధర ఎక్కువ, తర్వాత కలిసే ఒక్కొక్కరికీ కొంచెమే. వెంట వచ్చే మన పిల్లలు 15 ఏళ్ల లోపువాళ్లయితే వాళ్లకి డబ్బే కట్టక్కర్లేదు! సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా, అక్కడి మెయిన్ స్టేషన్ దాకా ఇది చెల్లుతుంది. అదే రోజు తిరిగి రావడానికీ, మ్యూనిక్‌లో మెట్రో, ట్రామ్, బస్సులకీ ఇదే చాలు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రం ఉదయం 9 దాటాకే ఎక్కాలి. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు, రీజినల్ రైళ్లే. ఆ 150 కిలోమీటర్లకీ రెండు గంటలు పట్టొచ్చు. పట్టనివ్వండి. అమ్మానాన్నల్ని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, రోజన్‌హైమ్ దాటాక ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. అంతమందికి సరిపడే కారు అద్దెకు తీసుకుని, ఒకరు దారంతా రోడ్డునే చూస్తూ కూర్చోవడం కన్నా నాకిదే ఎంతో నచ్చింది.

టికెట్ మీద అందరి పేర్లూ ఉండాలి. దాటేది దేశం సరిహద్దు కాబట్టి పాస్‌పోర్టులు బ్యాగులోనే ఉంచుకోండి. తిరుగు దారిలో జర్మనీ పోలీసులు అడగొచ్చు.